నాడి పడతారు, మాట పట్టరు

"గుండె దడగా వుందయ్యా." "వొళ్ళంతా మంటలు." "గొంతులో ముద్ద అడ్డం పడినట్టుంది, దిగదు, బయటికి రాదు." "నెత్తి దిమ్ముగా వుంటంది." "నరాలు గుంజుతున్నాయి." "కన్ను మూతపడి నెల్లాళ్ళయింది." "యే పనికీ చెయ్యాడటం లేదు."

మన వాడల నుంచి ఆసుపత్రికి పోయే మనుషులు డాక్టరు బల్ల ముందు చెప్పే మాటలివి. కూర్చుని చెప్పే మాటలు కావు, నిలబడి చెప్పే మాటలు. ఇరవయ్యేళ్ళుగా బడిపంతులు పని చేస్తూ ఈ మాటలు నేనూ వింటున్నాను. పిల్లాణ్ణి బడికి పంపలేకపోయిన తల్లి నోట విన్నాను. సంఘం మీటింగు అయిపోయాక అందరూ పోయేదాకా ఆగి, పక్కకి పిలిచి చెప్పే మగవాళ్ళ నోట విన్నాను.

వీటికి దొరికే జవాబు కూడా మనందరికీ తెలిసిందే. వూళ్ళో ఆరెంపీ దగ్గరికి పోతే "నరాల వీక్‌నెస్" అని బి-కాంప్లెక్స్ సూది వేస్తాడు, బలానికి సెలైన్ పెడతాడు. సర్కారు దవాఖానాలో గ్యాస్ బిళ్ళ ఇస్తారు. టౌన్లో ప్రైవేటు డాక్టరు ఈసీజీ, రక్తపరీక్ష, కడుపు స్కానింగు రాసి, అన్నీ చూసి "నీకే జబ్బూ లేదు, వూరికే ఆలోచించకు" అంటాడు. నాలుగు రోజుల కూలి వదిలించుకుని బయటికొచ్చిన మనిషికి వొక్కటే అర్థం కాదు. జబ్బు లేకపోతే ఈ బాధ యెక్కడిది?

మనవాళ్ళకి మనసు బాధ చెప్పుకోవటం రాదని డాక్టర్లు అంటారు. చదువుకున్నవాళ్ళు అంటారు. ఆఖరికి మన సంఘాల్లో కొందరు కూడా అంటారు. అది అబద్ధం అని చెప్పటానికే ఈ వ్యాసం. మన దగ్గర మాటలున్నాయి. ఆ మాటలు చెప్పుకునే చోటు ఆసుపత్రిలో లేదు. వినే చెవి లేదు. విన్నా నమ్మే మనసు లేదు. దీన్ని కూడా అంటరానితనం అనే అనాలి.

మాటలు లేవన్నది యెవరు?

మన ఇళ్ళల్లో చావు జరిగినప్పుడు ఆడవాళ్ళు యేడ్చే యేడుపు వినండి. అది వుత్త యేడుపు కాదు. పోయినవాడి పుట్టుక దగ్గర మొదలుపెట్టి, తాగిన గంజి, దొరకని కూడు, తగిలిన దెబ్బ, ఆసామి యెగ్గొట్టిన కూలి, అన్నీ వరస తప్పకుండా రాగం తీసి చెబుతారు. అక్షరం ముక్క రాని మనిషి గంటసేపు తడుముకోకుండా చెబుతుంది. ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పమంటే అదే మనిషి మైకు ముందు నిలబడి తన బతుకంతా విప్పి చెబుతుంది. డాక్టరు ముందుకి పోయేసరికి "వొళ్ళు నొప్పులయ్యా" అని ఆగిపోతుంది. నోరు అదే, బాధ అదే. మారింది వినేవాడు.

మన భాషలో మనసు బాధకి యెన్ని పేర్లున్నాయో లెక్కపెట్టండి. హాస్టల్లో దించి వచ్చిన పిల్లాడికి పట్టేది బెంగ. అప్పులవాడు వస్తానన్న సాయంత్రం పుట్టేది గుబులు. వొక్కసారిగా అదిరిపడితే పట్టుకునేది జడుపు, జడుపు జ్వరం అని అందుకే అంటాం. తెలంగాణలో లోపల్లోపల తొలిచేదాన్ని రంది అంటారు. పోయినవాళ్ళని తల్చుకుని తల్చుకుని మనిషి చిక్కిపోతే మనాది పట్టుకుందంటారు. ఇన్ని తేడాలు తెలిసిన జనం మాటలు లేని జనమా? ఇంగ్లీషులో చదువుకొచ్చిన డాక్టరు వీటన్నిటికీ కలిపి చీటీ మీద రాసేది టెన్షన్ అనో, డిప్రెషన్ అనో వొక్క ముక్క. మరి మాటలు తక్కువైంది యెవరికి?

మనవాళ్ళు మనసు బాధని వొంటి బాధగా చెబుతారట. అది తెలివితక్కువ అన్నట్టు మాట్లాడతారు. కడుపుమంట, గుండెకోత, పేగు తరుక్కుపోవటం... తెలుగులో మనసు మాటలు సగం వొంటి మాటలే. పైగా పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వొంటితోనే బతికే మనిషికి వొళ్ళు వేరు, మనసు వేరు అని యెట్లా తోస్తుంది? నిద్ర లేకపోతే దడ నిజంగానే వస్తుంది. దిగులుతో తిండి మానేస్తే కడుపులో మంట నిజంగానే పుడుతుంది. దడ అన్నవాళ్ళందరిదీ మనసు బాధే అని నేననను. రక్తం తక్కువైనా దడ వస్తుంది, థైరాయిడ్ వున్నా వస్తుంది. పరీక్ష చెయ్యాల్సిందే. పరీక్షలో యేమీ దొరకనప్పుడు "యేం లేదు పో" అనకుండా, "ఇది యెప్పటి నుంచి? అప్పుడు ఇంట్లో, పనిలో యేం జరిగింది?" అని అడగాలి. రోగి సగం మాట చెప్పి ఆగింది. మిగతా సగం అడుగుతారేమోనని చూస్తోంది.

థర్మామీటరు చేతులు మారిన కథ

బాబాసాహెబ్ అంబేద్కర్ తన అనుభవాలు, తనలాంటి వాళ్ళ అనుభవాలు రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' లో కతియవాడ్‌కి చెందిన ఒక అంటరాని బడిపంతులు సంగతి వుంది. ఆ పంతులు రాసిన వుత్తరం 1929 డిసెంబరు 12న గాంధీ పత్రిక యంగ్ ఇండియాలో అచ్చయింది. పంతులు భార్య ప్రసవించిన రెండు రోజులకి జబ్బు పడింది. ఛాతీ పట్టేసింది, వూపిరి ఆడటం లేదు. డాక్టరు వాడలోకి రానన్నాడు. వూరి పెద్దలు బతిమాలితే, రెండు రూపాయల ఫీజుకి హామీ పడితే, వాడ బయటికి తీసుకొస్తే చూస్తానన్నాడు. పచ్చి బాలింతని బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను పంతులుకిచ్చాడు, పంతులు భార్యకి పెట్టాడు. మళ్ళీ అదే వరసలో వెనక్కి పోయింది. దీపం వెలుగులో దాన్ని చూసి న్యుమోనియా అన్నాడు. ఆ తర్వాత ఫీజు ఇచ్చినా మళ్ళీ చూడటానికి రానన్నాడు. ఆవిడ చనిపోయింది.

ఆ డాక్టరుకి వైద్యం రాక కాదు. దూరంగా నిలబడి కూడా జబ్బు పేరు చెప్పాడు. కానీ వైద్యం అంటే జబ్బు పేరు చెప్పటం కాదు, మనిషి దగ్గరికి రావటం. అతను మనిషి దగ్గరికి రాలేదు.

ఇప్పుడు థర్మామీటరు అన్ని చేతులు మారదు. నాడి పడతారు, బీపీ పట్టీ చుడతారు, రక్తం తీస్తారు. చట్టం వల్ల కొంత, మన పోరాటాల వల్ల కొంత వొంటి దాకా వచ్చారు. మాట దాకా ఇంకా రాలేదు. మనసు బాధకి థర్మామీటరు మాటే. మాటని ముట్టుకోకుండా మనసుకి వైద్యం చెయ్యటం కుదరదు.

చెప్పకపోవటం చేతకాక కాదు

మనవాళ్ళు యెందుకు చెప్పరో కాస్త నిదానంగా ఆలోచిద్దాం. చీటీ రాసేచోటే "యే వూరు? ఇంటిపేరేంటి? వూళ్ళోనా, పల్లెలోనా?" అని అడుగుతారు. జ్వరానికీ పల్లెకీ సంబంధం యేంటో వాళ్ళకే తెలియాలి. లోపల డాక్టరు మన ఆసామికి మేనల్లుడో, వియ్యంకుడి కొడుకో అయ్యుంటాడు. ఆ ఆసామి పొలంలో తనకేం జరిగిందో ఆడకూతురు ఆ డాక్టరుకి యెట్లా చెప్పుద్ది? తలుపు లేని గది, పక్కనే వరసలో ముప్పై మంది, కాంపౌండరు మన వూరివాడు. చెప్పిన మాట ఆమె కంటే ముందు వూరు చేరుద్ది. రేపు పనికి పిలవరు. కాబట్టి "వొళ్ళు నొప్పులయ్యా" అంటుంది. అది చెప్పుకోవటం చేతకాకపోవటం కాదు, తెలివి. బతకటానికి కావలసిన తెలివి.

టైము సంగతి కూడా చూడండి. పొద్దున తొమ్మిది నుంచి వొంటిగంట దాకా ఓపీ అంటే 240 నిమిషాలు. బయట 120 మంది వుంటే మనిషికి రెండు నిమిషాలు. ఇందులో ఆ డాక్టరు తప్పు కూడా లేదు. పదిమంది చెయ్యాల్సిన పని వొక్కడి నెత్తిన వేసిన సర్కారుది తప్పు. కానీ పదేళ్ళ దిగులు రెండు నిమిషాల్లో యే నోటికైనా వస్తుందా?

చదువుకున్నవాళ్ళకి ఇంకొక చిక్కు వుంది, అది నాకు తెలుసు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. చాలా యేళ్ళ కింద ఒక బళ్ళో పనిచేసినప్పుడు స్టాఫ్ రూములో నా గ్లాసు విడిగా, కిటికీ మీద వుండేది. యెవరూ యేమీ అనేవాళ్ళు కాదు. అందరూ నవ్వుతూ మాట్లాడేవాళ్ళు. గ్లాసు మాత్రం కిటికీ మీదే వుండేది. ఆ యేడాది నాకు నిద్ర పోయింది. టౌన్లో డాక్టరు దగ్గర కూర్చుంటే "ఇంట్లో గొడవలా? అప్పులా? మందు అలవాటుందా?" అని అడిగాడు. మూడిటికీ లేదన్నాను. "మరి దేనికి దిగులు?" అన్నాడు. గ్లాసు గురించి చెప్పాను. "ఓస్, ఇంతేనా? మీరే యెక్కువ వూహించుకుంటున్నారు" అన్నాడు.

అవమానానికి వుండే గుణం ఇది. లోపల అది కొండంత వుంటుంది. నోటితో చెబితే చిన్నదైపోతుంది. ఒక గ్లాసు, ఒక చూపు, "మీవాళ్ళకేంటి రిజర్వేషన్లు" అన్న ఒక మాట, ఇవి విడివిడిగా చెబితే వినేవాడికి ఇసుక రేణువులు. మోసేవాడికి బస్తా. డబ్బు పెట్టి కౌన్సెలర్ దగ్గరికి పోయిన మన పిల్లలు కూడా ఇదే చెబుతున్నారు. "వాళ్ళ మాటలు పట్టించుకోకండి, పాజిటివ్‌గా ఆలోచించండి, ఆత్మవిశ్వాసం పెంచుకోండి" అంటారట. ముల్లు దిగింది కాలికి. చెప్పు మార్చుకో అంటే ముల్లు వస్తుందా?

డాక్టర్లు తయారయ్యే చోటే ఈ రోగం వుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద వివక్ష గురించి విచారణకి 2006లో సుఖదేవ్ థోరట్ కమిటీని వేశారు. వివక్ష వుందని ఆ కమిటీ 2007లో చెప్పింది. ముంబైలో పీజీ చదువుతున్న ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ 2019 మే 22న ప్రాణం తీసుకుంది. కులం పేరుతో వేధించారని ముగ్గురు సీనియర్ డాక్టర్ల మీద కేసు పెట్టారు. తోటి డాక్టరు బాధే వినపడని చోట మన కూలితల్లి బాధ వినపడుతుందా?

తొమ్మిది ప్రశ్నల కాగితం

ఇప్పుడు మనసు బాధ కనిపెట్టటానికి తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి వాడుతున్నారు. గత రెండు వారాల్లో యెన్ని రోజులు ఇట్లా అనిపించిందని అడిగి, ప్రశ్నకి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు. మొత్తం 27. దేశదేశాల్లో వాడే కాగితం. తిండి గురించి, నిద్ర గురించి, చచ్చిపోవాలన్న ఆలోచన గురించి అడుగుతుంది. అడగాల్సినవే. ఆ కాగితం తప్పని నేననను. దాన్ని తెలుగులోకి దించినవాళ్ళు తెలుగు వాడల్లోకి దిగలేదు, అదే నా తగువు.

"పనుల పట్ల ఆసక్తి, ఆనందం తగ్గినట్టు అనిపించిందా?" అంటారు. మిరపకోతకి పోయే మనిషి యేం చెబుతుంది? "ఆసక్తి యేందమ్మా, పోకపోతే గడవదు" అంటుంది. సున్నా మార్కులు. "ఆకలి తగ్గిందా?" అంటారు. "ఆకలి తగ్గలా, బియ్యం తగ్గినయ్యి" అంటుంది. దానికి గడి లేదు. "మీ మీద మీకు చెడు అభిప్రాయం కలిగిందా?" అంటారు. "నా మీద నాకెందుకు, వాళ్ళే నన్ను మనిషిగా చూడటంలా" అంటుంది. దానికీ గడి లేదు. తప్పు లోపల వుందని కాగితం అనుకుంటుంది. మనిషి మాత్రం తప్పు బయట వుందని చెబుతోంది. ఆ మాట రాసుకోవటానికి చోటు లేనప్పుడు ఆ మనిషికి యే బాధా లేదని కాగితం తేలుస్తుంది.

ఇంకొకటి, రెండు వారాలు. మన బాధ వయసు రెండు వారాలు కాదు. మా అమ్మకి వాళ్ళమ్మ దగ్గర నుంచి వచ్చింది.

అదే ప్రశ్నని మన మాటలో అడిగి చూడండి. "అక్కా, పండక్కి బిడ్డలు వస్తే కూడా మనసు కదలటంలేదా?" "నలుగురిలో కూర్చున్నా వొంటరిగా వున్నట్టుందా?" "పొద్దున లేవంగానే ఇంకొక రోజా అనిపిస్తందా?" అట్లా అడిగితే చెబుతారు. చెప్పటమే కాదు, కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెబుతారు. భూతవైద్యుడి దగ్గరికీ, స్వస్థత కూటాలకీ మనవాళ్ళు పోతారని నవ్వేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. అక్కడ "నీకేమయింది తల్లీ" అని అడుగుతారు. చెప్పేది చివరిదాకా వింటారు. జబ్బు తగ్గినా తగ్గకపోయినా మనిషికి ఆ పూట బరువు తగ్గుతుంది. ఆ వొక్క పని ఆసుపత్రి చేస్తే మనవాళ్ళు ఆసుపత్రికే పోతారు.

"కడుపునొప్పి తాళలేక"

పేపర్లో జిల్లా పేజీ తిప్పితే మనకి తరచూ కనబడే వార్త ఒకటుంది. ఫలానా వూళ్ళో ఒక మహిళ కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య చేసుకుంది. పంచనామాలోనూ అదే వుంటుంది. యేళ్ళ తరబడి ఆమె కడుపునొప్పి అని చెప్పిన మాట నిజమే. ఆ నొప్పిలో యేముందో బతికుండగా యెవరూ అడగలేదు. చనిపోయాక ఆ రెండు ముక్కలూ రాసి ఫైలు మూశారు. కేసు లేకుండా పోవాలని ఇంటివాళ్ళూ అదే చెబుతారు, పోలీసులకీ అదే సులువు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్యలు 1,70,924. అందులో నూటికి 26 మందికి పైగా రోజుకూలీలు. కారణాల్లో కుటుంబ సమస్యలు నూటికి 31.7, అనారోగ్యం నూటికి 18.4. పరీక్ష తప్పటానికి గడి వుంది, ప్రేమ వ్యవహారానికి గడి వుంది, ఆస్తి తగాదాకి గడి వుంది. కులం చేసిన అవమానం అనే గడి లేదు. గడి లేనిది లెక్కలోకి రాదు. లెక్కలోకి రానిదానికి నిధులు రావు, డాక్టర్లు రారు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు దేశమంతా మాట్లాడింది. ఆ పిల్లాడు తన మాట తనే రాసి పెట్టాడు కాబట్టి వినక తప్పలేదు. రాయలేనివాళ్ళు "కడుపునొప్పి" అనే పేరుతో పోతున్నారు.

గాయాల సర్టిఫికెట్టు

మన మీద దాడి జరిగినప్పుడు ఆసుపత్రిలో గాయాల సర్టిఫికెట్టు రాస్తారు. యే గాయం, యెన్ని సెంటీమీటర్లు, దేనితో తగిలింది, మామూలుదా, తీవ్రమైనదా అని రాస్తారు. కేసుకి అది ప్రాణం. ఆ సర్టిఫికెట్టులో వొంటి మీద వున్నదే వుంటుంది.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపారు. బతికినవాళ్ళు చీరాల శిబిరానికి చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో యెనిమిది మందిని చంపారు. చుండూరు కేసులో వూళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. దాడి నుంచి ఆ తీర్పు దాకా దాదాపు 23 యేళ్ళు. ఆ 23 యేళ్ళలో కోర్టులో యెన్నిసార్లు ఆ రోజుని మళ్ళీ మళ్ళీ చెప్పించారో లెక్క వేసుకోండి. తలుపు చప్పుడైతే వులిక్కిపడే మనిషికి, పొలం గట్టు చూస్తే వణుకు వచ్చే మనిషికి సర్టిఫికెట్టు యెవరిచ్చారు? దెబ్బ మానిందని రాసేవాడున్నాడు. మనిషి మానలేదని రాసేవాడేడి?

అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో 15-ఏ సెక్షన్ వచ్చింది. బాధితులకీ, సాక్షులకీ రక్షణ, దారి ఖర్చులు, పునరావాసం ఇవ్వాలని అందులో వుంది. పునరావాసం అంటే ఇల్లూ, పొలమే కాదు, మనసుకి వైద్యం కూడా అని మనం అడగాలి. దాడి జరిగిన వాడకి నిజనిర్ధారణకి పోయే మన కార్యకర్తలు కూడా కాలిన ఇళ్ళ లెక్కతో పాటు నిద్రపోని మనుషుల లెక్క రాసుకురావాలి.

బిళ్ళా? భూమా?

మనలో ఒక వాదన వుంది. "ఇది జబ్బు కాదు, సామాజిక సమస్య. భూమి వస్తే, కూలి పెరిగితే, కులం పోతే ఈ దిగుళ్ళన్నీ పోతాయి. మనసు, కౌన్సెలింగు అనేవి బంగళాల్లో వాళ్ళ గొడవలు" అంటారు. సగం నిజం. ఆకలి తీరకుండా, అవమానం ఆగకుండా వుత్త బిళ్ళలు మింగించటం మోసమే. పోరాడాల్సిన చోట నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెడితే అది వైద్యం కాదు.

మిగతా సగం కూడా చూడాలి. భూమి వచ్చేదాకా ఈ మనిషి బతకాలి గదా. టీబీ పేదరికం వల్ల పెరుగుతుందని మనకి తెలుసు. అయినా టీబీ మందులు మానెయ్యమని యెవరమైనా చెబుతామా? ఇదీ అంతే. మందులు పనిచేస్తాయి. దిగులు జబ్బుకి మందు మొదలుపెట్టిన రోజే గుణం కనపడదు, కొన్ని వారాలు పడుతుంది. తగ్గిందని మనంతట మనం ఆపకూడదు. మాటలతో చేసే వైద్యం కూడా పనిచేస్తుంది, వినేవాడు మనిషైతే. మందు వేసుకున్నంత మాత్రాన మన కోపం తప్పు అని వొప్పుకున్నట్టు కాదు. నిద్రపోయి లేచినవాడే రేపు ధర్నాకి రాగలడు.

ఇంకొక మాట. మనసు బాధ అనగానే "పిచ్చి" అని ముద్ర వేసేది వూరే కాదు, మన వాడ కూడా. ఎర్రగడ్డ అని, విశాఖ ఆసుపత్రి అని యెకసెక్కం చేసేది మనమే. "మగాడివై యేడుస్తావేంట్రా" అనేది మనమే. ఉద్యమంలో వున్నవాడు దిగులు పడకూడదని, నాయకుడికి నిద్ర పట్టకపోవటం ఉండదని ఒక నటన నడుస్తోంది. ఆ నటనకి మనవాళ్ళు కొందరు సారాకి బలయ్యారు. ఇది మనమే ఆపాలి.

చట్టంలో యేముంది, మనం యేం చెయ్యాలి

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో వుంది. దాని 18వ సెక్షన్ ప్రకారం మనసుకి వైద్యం పొందటం ప్రతి మనిషి హక్కు. వివక్ష వుండకూడదన్న జాబితాలో కులం అన్న మాట అచ్చంగా రాసి వుంది. చెప్పుకున్న సంగతి బయటికి పొక్కకూడదని 23వ సెక్షన్ చెబుతుంది. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన వొత్తిడిలో వున్నట్టు భావించాలని, శిక్షించకూడదని 115వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి కేసు అవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకుపోవటం ఆపొద్దు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో నాలుగు జిల్లాల్లో మొదలైతే అందులో మన మెదక్ ఒకటి. ఇన్నేళ్ళయినా చాలా పీహెచ్‌సీల్లో ఆ పేరే తెలియదు. 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందటం లేదని తేలింది.

మనం అడగాల్సినవి ఇవి:

ఒకటి. ప్రతి పీహెచ్‌సీలో వారానికి ఒక్క పూటైనా తలుపు వున్న గది, రోగికి కుర్చీ, మనసు సంగతి వినే మనిషి వుండాలి.

రెండు. కౌన్సెలర్, సైకాలజిస్టు, సోషల్ వర్కర్ పోస్టులు నింపాలి. అందులో మన పిల్లలకి రావాల్సిన పోస్టులు మన పిల్లలకే రావాలి. బీఏ, ఎమ్మే చదివి ఖాళీగా వున్న మన ఆడపిల్లలకి ఈ పనిలో శిక్షణ ఇవ్వాలి.

మూడు. ప్రశ్నల కాగితాలు వాడల భాషలో తిరగరాయాలి. అందులో కులం వల్ల, పనిచోట జరిగిన అవమానం గురించి అడగాలి.

నాలుగు. అత్యాచార కేసుల్లో గాయాల సర్టిఫికెట్టుతో పాటు మనసు పరీక్ష, ఆ తర్వాత వైద్యం సర్కారు ఖర్చుతో జరగాలి.

సర్కారు ఇచ్చేదాకా మనం చెయ్యగలిగినవి కూడా వున్నాయి. ఆసుపత్రికి పోయే మనిషి వెంట సంఘం మనిషి ఒకరు పోండి. పోయేముందు ఒక చీటీ రాసుకోండి: బాధ యెప్పుడు మొదలైంది, దానికి ముందు యేం జరిగింది, నిద్ర యెన్ని గంటలు, తిండి యెంత, పని చెయ్యగలుగుతున్నారా, చచ్చిపోవాలనిపిస్తోందా. నోరు ఆగిపోతే చీటీ ఇవ్వండి. "నిలబడి చెప్పలేను, కూర్చుంటాను" అనండి. "అందర్నీ బయటికి పంపండి, మీకొక్కరికే చెబుతాను" అనండి. ఇచ్చిన మందు పేరేంటి, దేనికి, యెన్నాళ్ళు అని అడగండి. ఇవి దబాయింపులు కావు, హక్కులు.

2022 అక్టోబరు నుంచి టెలీమానస్ అనే సర్కారు ఫోను వుంది. నెంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. కుల అత్యాచారాల మీద ఫిర్యాదుకి 14566 వుంది. ఈ రెండు నెంబర్లూ బడి గోడ మీద, చర్చి గోడ మీద, అంబేద్కర్ బొమ్మ దిమ్మె మీద రాయించండి. యెవరైనా "ఇంక బతకబుద్ధి కావటంలా" అంటే తేలిగ్గా తీసుకోవద్దు. "ఛ, అట్లా అనకు" అని నోరు మూయించొద్దు. "యేమైంది, చెప్పు" అని అడగండి. అడిగితే ఆలోచన పెరుగుద్దన్నది వుత్త భయం. ఆ మనిషిని వొంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తోడు పోండి.

వూరి బావిలో నీళ్ళు అడిగాం. గుడి, బడి, హోటల్లో గ్లాసు అడిగాం. అడిగినప్పుడల్లా "ఇదీ ఒక సమస్యేనా" అన్నారు. మన బాధ మన మాటలో వినమని అడగటం కూడా ఆ వరసలోదే. డాక్టరు ముందు బల్లకి ఇవతల మనకొక కుర్చీ కావాలి. ఆ కుర్చీలో కూర్చుని, దిగులంటే దిగులు అని, దాన్ని పెట్టినవాడు ఫలానా అని చెప్పేదాకా అడుగుదాం.